రాగి తీగ కట్టిన గొర్రెలు

రెండేళ్ల కిందట, వానాకాలం చివర. సూర్యాపేటలో ఒక పశువుల దవాఖాన ఆవరణలో పది పన్నెండు గొర్రెలు, వాటికి ఇద్దరు యజమానులు. ఒకరు చివ్వెంల వైపు నుంచి వచ్చిన యాదమ్మ. రెండోవాడు కోదాడ వ్యాపారి.

యాదమ్మ మంద దొంగలపాలైంది. వారం తిరక్కుండా కోదాడ దారిలో వ్యాపారి ట్రాలీ ఆటోలో ఈ గొర్రెలు దొరికాయి. ఉన్ని కత్తిరించి ఉంది, రంగు గుర్తులు లేవు. సంతలో కొన్నానని అతని దగ్గర రసీదు ఉంది. ఎస్సై తేల్చేశాడు: చెవి ట్యాగు యాదమ్మ పేరు చెబితే గొర్రె ఆమెది, చెప్పకపోతే సాయంత్రానికి వ్యాపారిది. తీరా చూస్తే ఒక్క ట్యాగూ పలకలేదు. డాక్టరమ్మ ఆ ట్యాగులు తయారుచేసే మా కంపెనీకి ఫోన్ చేస్తే నన్ను పంపారు.

ఆ ట్యాగుల్లో అనలాగ్ సర్క్యూట్ గీయడం నా పని. వాటిలో బ్యాటరీ ఉండదు. ఆవగింజంత చిప్పు, దానికి సన్నటి తీగచుట్ట, అంటే కాయిల్. రీడర్ యంత్రాన్ని దగ్గరికి తెస్తే దాని అయస్కాంత క్షేత్రం నుంచి కాయిల్ కాస్త కరెంటు పుట్టించుకుంటుంది. ఆ కాస్తతోనే చిప్పు మేలుకుని తన నంబరు చెబుతుంది. ఉయ్యాలను అదును చూసి తోస్తేనే ఊగుతుంది కదా, కాయిల్‌ను కూడా రీడర్ లయకు అలా కుదర్చాలి. దాన్నే ట్యూనింగ్ అంటాం. నా ఉద్యోగమంతా ఆ కుదర్చడంలోనే గడిచింది.

నేను వెళ్లేసరికి యాదమ్మ గొంతెత్తి పిలుస్తోంది. గొర్రెలు ఆమె వైపు జరుగుతున్నాయి.

"సూడున్రి సారూ, గవే వస్తున్నయి. ఇంకేం సాక్ష్యం గావాలె?"

వ్యాపారి నవ్వాడు. "నాలుగు తుమ్మకాయలు చూపిస్తే నా వెనకా వస్తాయండి. అవి గొర్రెలు, కోర్టు సాక్షులు కాదు."

"నీ ఎనుక కత్తికే వస్తయి!" అంది యాదమ్మ.

నా సంచిలోని కొత్త ట్యాగును రీడర్ ముందు పెట్టాను. కుయ్‌మంది. రీడర్‌లో లోపం లేదు. గొర్రె చెవికి ఆనించాను. మౌనం. తడి చెవి ట్యూనింగ్‌ను కాస్త చెదరగొడుతుందేమోనని తుడిచి చూశాను. అయినా మౌనమే. ట్యాగులన్నీ ఒకేసారి చావవు. అలిసిపోయి ఒక గొర్రె పక్కనే నేల మీద కూర్చున్నాను. చెవి కళ్ల ఎత్తుకు వచ్చింది. పసుపూ వేపనూనే పేరుకున్న ట్యాగు అంచును గోటితో గీకితే ఎర్రగా మెరిసింది.

"ఇదేంటమ్మా?"

"రాగి తీగ సారూ. చెవులు కుట్టినంక వానలు వడ్డయి, పుండ్లయినయి. రాగి ఉంటే పురుగు వట్టదు. మోటరు వైండింగు కాడ అడిగి తెచ్చిన."

"దానిమీద లక్క పూత ఉంటుంది కదా?"

"ఉంటది. బ్లేడుతోని అంతా గీకిన. రాగి తోలుకు తగలాలె గదా! ఊడిపోకుండ కొసలు గట్టిగ మెలేసిన."

పూత ఉంచి ఉంటే కొసలు కలిసినా కరెంటు పారేది కాదు, ట్యాగు పలికేదేమో. గీకి, కొసలు మెలేయడంతో ట్యాగు చుట్టూ మూసుకున్న ఒక వలయం తయారైంది. మా పనిలో దాన్ని షార్టెడ్ టర్న్ అంటారు. రీడర్ పంపే శక్తిని అదే తాగేస్తుంది, లోపలి కాయిల్‌కు ఏమీ మిగలదు.

కట్టింగ్ ప్లేయర్ తీశాను. యాదమ్మ నా చెయ్యి పట్టుకుంది. "తీయకు సారూ. ఇంకా మానలే. పురుగు వడతది."

"ఉంచితే ఇవి నీవని యంత్రం చెప్పదమ్మా."

ఆమె చెయ్యి వదిలి గొర్రె తలను ఒడిలోకి తీసుకుంది. తీగ తెంపాను. రీడర్ కుయ్‌మంది. ఆ నంబరు ఎవరి పేరున ఉందో డాక్టరమ్మ ఫోన్లో చూసి, "యాదమ్మ, చివ్వెంల" అని చదివింది. వ్యాపారి నవ్వు ఆగిపోయింది.

ఒక్కొక్కటే తెంపుకుంటూ పోయాం. చివరికి ఒక ముసలి గొర్రె మిగిలింది. దాని ట్యాగు మాత్రం తీగ తీశాక కూడా పలకలేదు. బిగువుకు ప్లాస్టిక్ చిట్లి, లోపలికి నీళ్లు దిగాయి. నేను చేయగలిగింది లేకపోయింది. చెవికి అదే తీగ ఉన్నా, ట్యాగే చెప్పాలన్న ఎస్సై మాట ప్రకారం వ్యాపారి దాన్ని ఎత్తి ఆటోలో వేసుకున్నాడు. "నేనూ మోసపోయినవాణ్ణేనండీ" అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా.

యాదమ్మ ఆటో వెళ్లిన దారినే చూస్తూ, "దాని చెవే అన్నిటికన్న ఎక్కువ వాసింది సారూ. అందుకే దానికే ముందు కట్టిన" అంది. "జర గట్టిగ కట్టిన."

తిరిగి వెళ్లాక ఆఫీసులో చెప్పాను. మాన్యువల్‌లో 'లోహం కట్టరాదు' అని ఒక వాక్యం చేర్చారు, ఇంగ్లిషులో. ట్యాగుల పెట్టెలో పుండు మందు సీసా కూడా పెడదామంటే అది మన పని కాదన్నారు. వాన, బురద, రక్తం, ఎండ అన్నీ నా లెక్కలో ఉన్నాయి. ఆ చెవిని ఒకరు కాపాడుకుంటారన్నది లేదు.

ఇప్పుడు కొత్త ట్యాగు పని మొదలైనప్పుడల్లా ముందుగా అడుగుతాను: అక్కడివాళ్లు కుట్టిన చెవికి ఏం పూస్తారు, ఏం కడతారు? జవాబు వచ్చేదాకా నేను పెన్సిల్ తీయను.