పదో వీధికి లైను ఎందుకు ఆగింది

నాలుగు అంకెలు పోల్చడానికి కూడా ఎవడో రాసిపెట్టిన కోడ్ దించుకుని తగిలించుకునే జాతి ఒకటుంది. దాన్ని లైబ్రరీ అంటారు, అదేదో గొప్ప చదువైనట్టు. ఖరగ్‌పూర్‌లో ఇళ్ళకి ఇంటర్నెట్ ఇచ్చే మా చిన్న కంపెనీలో ఆ జాతివాడొకడు నా పక్క కుర్చీలోనే ఉండేవాడు.

బజారులో బట్టల కొట్టున్న తెలుగువాళ్ళ అబ్బాయి, నాకన్నా రెండేళ్ళు చిన్న. మెడలో కార్డు, బల్ల మీద రెండు స్క్రీన్లు, బుర్రలో గాడిద గుడ్డు. ఒక సోమవారం పొద్దున్నే వచ్చి, "అన్నా, లైన్లు ఆపే ప్రోగ్రాం రాసినాను కదా, ఏదో తేడా ఉన్నాది. ఆగాల్సిన వీధులే కాదు, వేరేవీ ఆగిపోతన్నాయి. ఒక లైబ్రరీ ఎక్కిస్తే సరిపోద్ది," అన్నాడు.

"నా సర్వర్ మీద బయట సరుకు ఎక్కదు. చేతనైతే చేత్తో రాయి," అన్నాను.

ఎలా రాయాలో చెప్పలేదు. ఏ వీధులు ఆగుతున్నాయో కూడా అడగలేదు. వాడు "ఠీక్ హై" అని టీకి పోయాడు.

సంగతేమిటంటే, ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే పేటలో ఒకటి, రెండు వీధులవాళ్ళు ఒక కనెక్షన్‌ని గోడల మీదుగా అయిదేసి ఇళ్ళకి లాగేసుకున్నారు. అదంతా సరిచేసేదాకా ఆ రెండు వీధులకీ సాయంత్రాలు లైను ఆపమన్నాడు మా యజమాని. మా లైన్లో ప్రతి ఇంటికీ చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యల అడ్రసు ఉంటుంది. అందులో మూడోది వీధి నంబరు.

మా అక్క ఉండేది అదే పేటలో పదో వీధి. ఆన్‌లైన్‌లో పిల్లలకి లెక్కలు చెప్పే ఉద్యోగానికి ఆ వారమే ఆమెను పరీక్షిస్తున్నారు. మూడు క్లాసులు తెగితే ఉద్యోగం లేనట్టే. సోమవారం సాయంత్రం తెగింది. మంగళవారం తెగింది.

"ఏట్రా మీ లైను, పిల్లల ముందు బొమ్మలాగ ఆగిపోతన్నాను," అంది ఫోన్లో.

"రౌటర్ ఆపి మళ్ళీ వెయ్యి," అన్నాను. అందరికీ చెప్పే మాటే చెప్పాను. బుధవారం కూడా తెగింది. గురువారం పొద్దున్న వాళ్ళు ఆమెను వద్దన్నారు.

అప్పుడు తెరిచాను వాడి కోడ్. ఒళ్ళు మండిపోయింది. ఆ మహానుభావుడు అడ్రసుల్ని సంఖ్యలుగా కాదు, నిఘంటువులో మాటల్లా అక్షరాలుగా పోల్చాడు. అక్షరాల వరసలో 1 వెనకాలే 10, 11 వస్తాయి. 2 ఎక్కడో తర్వాత. అలా పది నుంచి పంతొమ్మిది దాకా వీధులన్నీ ఒకటికీ రెండుకీ మధ్య ఇరుక్కున్నాయి. మా నాన్న రైల్వే వర్క్‌షాప్‌లో పనివాళ్ళ హాజరు బిళ్ళలు తగిలించే టోకెన్ బోర్డు చూసేవాడు. ప్రతి ఇత్తడి బిళ్ళ మీదా నాలుగంకెలు ఉండాల్సిందే, ఒకటో నంబరైతే ముందు మూడు సున్నాలు. సున్నాలు లేకపోతే ఒకటి పక్కన పది వచ్చి కూర్చుంటుందని బడి మొహం చూడని ఖలాసీకి కూడా తెలుసు.

అడ్రసులో ఏ సంఖ్యా 255 దాటదు కనక, మొదటిదాన్ని 256తో గుణించి రెండోది కలపాలి. వచ్చినదాన్ని మళ్ళీ గుణించి మూడోది, మళ్ళీ గుణించి నాలుగోది. అడ్రసు ఒకే పెద్ద సంఖ్య అవుతుంది. ఆపాల్సిన వరసలో మొదటి అడ్రసుకీ, చివరి అడ్రసుకీ, ఇంటి అడ్రసుకీ అలాగే చేసి మామూలు లెక్కలా పోల్చుకోవడమే. అయిదు లైన్ల కోడ్. స్క్రీన్ వాడివైపు తిప్పి, "దీనికా నీకు లైబ్రరీ?" అన్నాను.

వాడు వంగి చదివాడు. "ఇంతేనా అన్నా? సోమవారమే చెప్పుంటే నేనే రాసేసేవోణ్ణి."

సిగ్గులేని వెధవ అనుకున్నాను.

ఆ సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళాను, వాడి ఘనకార్యం చెబుదామని. అక్క గోడకి తగిలించిన తెల్లబోర్డు తుడుస్తోంది. అంతా విడమరిచి చెప్పాను. సున్నాల సంగతి చెప్పి నవ్వాను కూడా.

"బాగు చెయ్యడానికి ఎంతసేపు పట్టినాది?" అంది.

"పది నిమిషాలు."

"ఆ అబ్బాయి నిన్ను అడిగినాది ఎప్పుడు?"

"సోమవారం."

"క్లాసుకి ముందా, తర్వాతా?"

"పొద్దున్న," అన్నాను.

అక్క బోర్డు దింపి మంచం కిందకి తోసింది. టీ తాగుతావా అని అడగలేదు.