మావ పేరు పక్కన నేను పెట్టిన టిక్కు

మావ దొరికాడని ఫోను వచ్చేసరికి నేను పలాసలో నా కొట్లో కూర్చుని ఎవరిదో లైసెన్సు దరఖాస్తు నింపుతున్నాను. బతికి ఉంటే 'వచ్చాడు' అనేవాళ్లు. ఎదురుగా కూర్చున్న పెద్దాయన తన రక్తం గ్రూపు ఏమిటో చెబుతున్నాడు. ఆ ఒక్క గడిలో మూడుసార్లు తప్పు రాశాను. తర్వాత ఆయన్ని రేపు రమ్మని చెప్పి, కొట్టు మూసి, మా ఊరు అక్కుపల్లికి బండి తిప్పాను.

మావంటే మా అమ్మకి తమ్ముడు. అరవై రెండేళ్లు. అందులో నలభై ఐదేళ్లు సముద్రం మీద చేపల వేటలోనే గడిచాయి. సొంత ఫైబర్ పడవ, దానికో ఇంజను, ఆయనతో పాటు వేటకెళ్లే ముగ్గురు మనుషులు. ముందురోజు పొద్దున్న వేట ముగించుకుని తిరిగొస్తుంటే ఇంజను ఆగింది. పక్కనుంచి వచ్చిన అల పడవని తిరగేసింది. నలుగురూ లైఫ్ జాకెట్లు వేసుకునే ఉన్నారు. ముగ్గురు తిరగబడ్డ పడవని పట్టుకుని ఉండిపోయారు, రెండు గంటల తర్వాత వేరే పడవ వాళ్లు చూసి ఎక్కించుకున్నారు. మావ మాత్రం ఒడ్డు కనబడుతోంది కదా, వెళ్లి పడవ తెస్తానని ఈదుకుంటూ బయల్దేరాడు. మర్నాడు నువ్వలరేవు వైపు ఒడ్డున దొరికాడు. జాకెట్టు బకిళ్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మునగలేదనీ, అలిసిపోయి గుండె ఆగిందనీ డాక్టరు చెప్పారు.

ఇది చదివేవాళ్లకి ఆయన గొప్పవాడని చెప్పి ఒప్పించాలని నాకు లేదు. ఆయన సంగతులు కొన్ని చెప్పుకోవాలి. వాటి మధ్యలో నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. అది ఒప్పుకోకుండా ఆయన గురించి ఎంత మంచి రాసినా అబద్ధంగానే ఉంటుంది.

నాకు ఈత నేర్పింది మావే. నేర్పడమంటే ఏమీ లేదు, పడవ మీంచి నీళ్లలోకి తోసేశాడు. నేను మింగిన ఉప్పునీళ్లకి లెక్క లేదు. పడవ అంచు మీద చతికిలబడి, బీడీ ముట్టించుకుంటూ, "సెయ్యి ఆపకురా అల్లుడా, సెయ్యి ఆపితే ములిగిపోతావు" అంటూనే ఉన్నాడు. నేను ఏడుస్తూనే చేతులు ఆడించాను. ఆ చేతుల పుణ్యమా అని తర్వాత ఆరేళ్లు ఓడలో కళాసీగా పనిచేశాను. తిరిగొచ్చి పలాస బస్టాండు దగ్గర లైసెన్సు కాగితాలు నింపే కొట్టు పెట్టుకున్నాను. ఏటా వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టే వేట నిషేధం రోజుల్లో మాత్రం ఊళ్లలో మత్స్యకారులకి భద్రతా శిక్షణ ఇవ్వడానికి పిలిస్తే వెళ్తుంటాను.

మావ కొట్టుకొస్తే ప్లాస్టిక్ కుర్చీలో ఎప్పుడూ అడ్డంగా కూర్చునేవాడు, ఒక చెయ్యి కుర్చీ వీపు మీద వేసి, మొహం వీధివైపు పెట్టి. పడవలో చుక్కాని పట్టుకున్న అలవాటు అది. ఇప్పుడు కూడా ఎవరైనా కుర్చీ అలా పక్కకి తిప్పితే ఆ సిమెంటు చప్తా మీద దాని కాళ్లు గీసుకున్న చప్పుడికి తల ఎత్తుతాను. ఎవరో కొత్తాయన కూర్చుని ఉంటాడు. ఏం కావాలని అడగడానికి నాకు కాస్త టైము పడుతుంది.

పోయినేడాదికి ముందటేడు ఓ రోజు అలాగే వచ్చి కూర్చుని, "అల్లుడా, నాకు బండి లైసెన్సు సెయ్యి" అన్నాడు. ముప్పై ఏళ్లుగా మోటారు సైకిలు నడుపుతున్న మనిషి. చేపల తట్టలు కట్టుకుని ఇసక దారిలో ఆయన వెళ్తుంటే కుర్రకారు పక్కకి తప్పుకునేవాళ్లు. ఇప్పుడెందుకు గుర్తొచ్చిందని వేళాకోళం చేశాను.

"కోటబొమ్మాళి సంతకెల్తంటే పోలీసాయన ఆపినాడు. కాయితం ఏదన్నాడు. ఇంటికాడ ఉందని సెప్పేసినాను. ఇంటికాడ ఏటుంది? గొడుగుంది. ఈ వయసులో ఒక కుర్రోడి ముందల నిలబడి అబద్దం ఆడినాను. రెండ్రోజులు బువ్వ సయించలేదు."

దరఖాస్తు నింపాను. అనుభవం ఎన్నేళ్లున్నా కంప్యూటరు ముందు కూర్చుని రోడ్డు గుర్తులు గుర్తుపట్టాల్సిందే, నెల తిరిగాక పరీక్ష మైదానంలో బండి నడిపి చూపించాల్సిందే అని చెప్పాను. నెలంతా ఆ గుర్తుల కాగితం చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు. టెక్కలిలో పరీక్ష రోజున ఎనిమిది అంకె గీసిన చోట రెండో మలుపులో కాలు కింద పెట్టేశాడు. ఇనస్పెక్టరు కుర్రాడు తల అడ్డంగా ఊపి, మళ్లీ రమ్మన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ముప్పై ఏళ్లు నడిపిన మనిషండీ, ఇసకలో నడిపిన మనిషండీ అని నేనేదో అనబోతుంటే మావే నా చెయ్యి పట్టుకుని బయటకి లాక్కొచ్చాడు.

"కాలు పెట్టినాను కదరా. పెట్టినోడిని పెట్టినట్టే రాసినాడు. ఆడు నన్ను మావా అని పిలవడు, సుట్టం కాదు, మరి సూసినట్టే రాత్తాడు. మల్లీ వద్దాం."

తిరుగుదారిలో టీ తాగుతూ ఆ మాట ఇంకో రెండుసార్లు అన్నాడు, కోపంగా కాదు, మెచ్చుకుంటున్నట్టు. రెండు వారాలు ఊరి బయట నేలమీద పుల్లతో ఎనిమిది గీసుకుని తిరిగాడు. రెండోసారి పాసయ్యాడు. కార్డు వచ్చాక హెల్మెట్టు హ్యాండిలుకి తగిలించడం మానేసి తలకి పెట్టుకోవడం మొదలెట్టాడు. బీచి దాకా అర కిలోమీటరు వెళ్లినా పెట్టుకునేవాడు. నేను నవ్వితే, "కార్డు మీద బొమ్మ నాదే కదా, ఆ బుర్ర అలగే ఉండాలి" అనేవాడు.

ఆ తర్వాతి వేట నిషేధంలో మా ఊళ్లోనే శిక్షణ పెట్టారు. పడవ నడిపే ప్రతివాడూ హాజరు కావాలన్నారు. అనుభవం ఉన్నవాళ్లకి పాఠాలు సగమే, నీళ్ల పరీక్ష మాత్రం అందరికీ ఒకటే. పెద్దవాళ్లు ముక్కు విరిచారు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ సముద్రంలోనే ఉన్నాం, ఓడలో డెక్కు తుడిచొచ్చినవాడు మాకు చెప్తాడా అని నా వెనకే అన్నారు. అందులో నిజం ఉంది. మావ మాత్రం మొదటి రోజే వచ్చి ముందు వరసలో చాప మీద కూర్చున్నాడు. సగం పాఠాలు చాలన్నా అన్నిటికీ వచ్చాడు.

"కొత్తోడికి బయ్యం ఉంటాది, అదే ఆడిని కాత్తాది. మనకి బయ్యం పోనాది. పాఠం మనకే కావాలి" అని వెనక్కి తిరిగి అందరికీ చెప్పాడు. ఆ తర్వాత ఎవరూ లేచి వెళ్లలేదు.

నేను చెప్పిన పాఠంలో అసలు ముక్క ఒకటే. పడవ తిరగబడితే పడవని వదలకూడదు. ఒడ్డు ఎంత దగ్గరగా కనిపించినా ఈదకూడదు. జాకెట్టు తేలుస్తుంది, నువ్వు మోకాళ్లు పొట్టకి దగ్గరగా లాక్కుని, చేతులు కట్టుకుని ఊరికే ఉండాలి. ఈత రానివాడు ఎలాగూ ఊరికే ఉంటాడు. ఈత వచ్చినవాడే ఒడ్డుని చూసి బయల్దేరి, మధ్యలో అలిసిపోతాడు. మావ ఈ మాటలు బడిపిల్లాడిలా వల్లె వేశాడు. తన పడవలో ముగ్గురి చేతా వల్లె వేయించాడు.

ఆఖరి రోజు ఊరవతల ఉప్పుటేటిలో పరీక్ష. జాకెట్టుతో దూకి పది నిమిషాలు కదలకుండా తేలాలి. మావ దూకాడు. మోకాళ్లు మడిచాడు, చేతులు కట్టుకున్నాడు. రెండు నిమిషాలు గడవకుండానే ఒక చెయ్యి విడివడింది. తర్వాత రెండోది. తెలియకుండానే గట్టు వైపు ఈదుకుంటూ వచ్చేశాడు. గట్టు మీద వాళ్లు ఘొల్లున నవ్వారు. మావ కూడా నవ్వాడు. రెండోసారి కూడా అంతే. మూడోసారి కళ్లు మూసుకుని మరీ తేలాడు. నాలుగు నిమిషాలు ఉన్నాడనుకుంటాను, చేతులు మళ్లీ కదిలాయి.

"సెయ్యి మాట ఇనడం లేదురా" అన్నాడు, గట్టు పట్టుకుని ఆయాసపడుతూ.

ఎండ మాడ్చేస్తోంది. ఇంకా పద్నాలుగు మంది మిగిలారు. అన్నం వచ్చి చల్లారిపోతోంది. ఈ కారణాలన్నీ నిజమే, కానీ నేను ఆయన పేరు పక్కన పాసని టిక్కు పెట్టింది వీటి వల్ల కాదు. నాకు ఈత నేర్పిన మనిషిని, ఆయన ఊరంతా చూస్తుండగా, నీళ్లలో ఫెయిలయ్యావని చెప్పడానికి నాకు నోరు రాలేదు. సెయ్యి ఆపకు అని నాకు చెప్పిన చేతుల్ని ఆపమని ఇంకోసారి అడగలేకపోయాను. మా వాళ్లలో మావని అలా నిలబెట్టి ఫెయిలు చేసిన అల్లుడు లేడు. ఆ మర్యాదే నా తప్పు.

"అయిపోయిందేటి?" అని అడిగాడు.

"అయిపోయింది మావా, వచ్చి బువ్వ తిను" అన్నాను.

కాగితం వైపు చూశాడు. నా మొహం వైపు చూశాడు. టెక్కలిలో గలగలా మాట్లాడిన మనిషి ఆ రోజు అన్నం తింటున్నంతసేపూ మాట్లాడలేదు. ఆ మౌనం నాకు అప్పుడే అర్థమైంది, అర్థం కానట్టు నటించాను.

బతికొచ్చిన ముగ్గురిలో ఒకడు దినం నాడు నా పక్కన కూర్చుని చెప్పాడు. మావ పడవని వదిలి ఈదుతూనే వెనక్కి తిరిగి అరిచాడట. "ఒదలకండిరా, పడవ ఒదలకండి, నాను ఒచ్చీత్తాను" అని. చాలా దూరం వెళ్లేదాకా ఆ గొంతు వినబడిందట. పాఠం వాళ్లకి అప్పజెప్పి తాను వెళ్లిపోయాడు. ఆ ముగ్గురూ ఇప్పుడు వీధిలో ఎదురైతే నాకు నమస్కారం పెడుతున్నారు, నా క్లాసు వల్ల బతికామంటున్నారు. ఆ నమస్కారం చూసి పక్క సందులోకి బండి తిప్పేసిన రోజులున్నాయి. ఉతికిన బట్టలు ఆరేసిన తీగ మీద చొక్కా చేతులు గాలికి ఊగినా నా కంటికి ఆయన చేతులే. ఉప్పుటేటి గట్టున వెళ్లాల్సి వస్తే నీళ్ల వైపు చూడను.

నెల మాసికం అయ్యాక అత్త కబురు పెట్టింది. మావ శిక్షణ పత్రం పలాసలో ఫ్రేము కట్టించి తెమ్మంది, ఫొటో పక్కన పెట్టడానికి. దాని కింద నా సంతకం ఉంది. వెళ్లి, ఆవిడ ఇచ్చిన పత్రం చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను. ఇంక నా వల్ల కాలేదు.

"అత్తా, ఇది గోడకి పెట్టకు. మావ ఆ పరీక్ష పాసవలేదు. నేనే పాసని రాశాను. ఫెయిలని రాసి, మళ్లీ మళ్లీ దింపి ఉంటే, ఆ రోజు పడవ పట్టుకుని ఉండేవాడు."

అత్త ఎండుచేపలు ఏరుతోంది. తల ఎత్తలేదు. నన్ను తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

"నాకు తెలుసురా. ఆ రోజే ఇంటికొచ్చి సెప్పినాడు. 'ఫెయిలైపోనానే, మన అల్లుడు పాసు రాసేసినాడు' అన్నాడు. మరి ఆడితో సెప్పలేకపోనావా అన్నాను. 'సెప్తే ఆడు సిన్నబోతాడు. వచ్చే ఏడు మల్లీ కూకుంతాను, అప్పుడు సరిగ్గా తేల్తాను' అన్నాడు. ఈలోగా ఇలగయ్యింది."

చేపలు ఏరుతూనే, "ఇద్దరికిద్దరూ మొగమాటం పడ్డారు" అంది. పత్రం నా దగ్గరే ఉంచేసుకోమంది.

ఈ ఏడు మళ్లీ వేట నిషేధం మొదలైంది, మళ్లీ శిక్షణ పెట్టారు. వెళ్లకూడదనే అనుకున్నాను. చివరికి వెళ్లాను, ఒక్క పనికోసం. పోయినసారి ఎవరెవరికి నేను చూసీచూడనట్టు టిక్కు పెట్టానో అందరిముందూ చెప్పి, వాళ్లందరినీ మళ్లీ నీళ్లలో దింపాలని. మావతో కలిపి ఐదుగురు. ఉన్న నలుగురూ వచ్చి కూర్చున్నారు. చెప్పాను. అన్నీ చెప్పాను, మావ సంగతి కూడా.

తర్వాత హాజరు పిలవడానికి ఊరి సంఘం వాళ్లు ఇచ్చిన పేర్ల కాగితం విప్పాను. పేర్లు వాళ్లు వేట సాగుతున్న రోజుల నుంచే, ఎవరు ముందొచ్చి చెబితే వాళ్లవి ముందు రాస్తూ వచ్చారు. తర్వాత సరిచూసినట్టు లేదు. నేనూ ముందుగా చూసుకోలేదు. అలవాటుగా పైనున్న పేరు గట్టిగా చదివేశాను. చదివాక తెలిసింది అది మావ పేరని.

హాల్లో చాపల మీద కూర్చున్న యాభై మందిలో ఆయన లేడని ఒక్కరూ చెప్పలేదు. పెన్ను ఆ గడి మీద పెట్టి, ఏం రాయాలో తెలియక తలుపు వైపు చూశాను. నన్ను చూసి ముందు వరస అటు తిరిగింది, తర్వాత అందరూ తిరిగారు. తలుపు బార్లా తెరిచి ఉంది. బయట ఇసక మీద ఎండ, దాని వెనక సముద్రం. అలా ఎంతసేపు చూశామో తెలియదు. రెండో పేరు చదవమని నన్నెవరూ తొందరపెట్టలేదు.