డబ్లిన్ అవార్డు సభకెక్కిన జమ్మలమడుగు పెళ్లి క్యాసెట్టు

మక్బూల్ డబ్లిన్‌లో షేర్వాణీ వేసుకుని వేదిక మీద నిలబడ్డ వీడియో నా ఫోనుకు వచ్చిన రోజు నుంచి నాకు అన్నం సహించలేదు. ఐర్లండ్ వాళ్లు తమ సినిమాలకు, టీవీ కార్యక్రమాలకు ఇచ్చుకునే జాతీయ అవార్డుల సభ అది. మా ఫ్యాక్షన్ రోజుల మీద అక్కడి డైరెక్టరమ్మ ఒకావిడ తీసిన డాక్యుమెంటరీకి బహుమతి వచ్చింది. అందులో అందరూ మెచ్చుకున్న ముక్క, మక్బూల్ తీసిన పాత పెళ్లి క్యాసెట్టులోదట. ఆ పెళ్లి నేనూ తీశాను! ఇద్దరం ప్రొద్దుటూరులో ఒకే స్టూడియోలో పనిచేశాం. వాడికి కెమెరా పట్టుకోవడం నేర్పింది నేనే. కుళ్లు లేదని అబద్ధం చెప్పను. వాడి నోటితోనే సంగతి విందామని బయలుదేరాను. ఆ డాక్యుమెంటరీ చూసి ఈ ఊర్లు తిరగాలనుకునేవాళ్లకు దారి చెప్పినట్టూ అవుతుంది.

ప్రొద్దుటూరులో ఉదయం ఏడింటికి బస్సెక్కితే ముప్పావుగంటలో జమ్మలమడుగు చేరతారు. టికెట్టు యాభై లోపే. బస్టాండులో ఆటో అతను నా సంచి చూసి "గండికోటకేనా సార్?" అన్నాడు. మక్బూల్ పేరు చెప్పగానే మొహం వెలిగిపోయింది. "అవార్డొచ్చిన మక్బూలన్న ఇంటికా? కూర్చో అప్పా, దుడ్లేమొద్దు!" నా ఊర్లో నన్ను ఊరికే ఆటో ఎక్కించినవాడు ఒక్కడూ లేడు. పౌరుషానికి యాభై నోటు అతని జేబులో కుక్కి దిగాను.

మక్బూల్ ఉగ్గాని, బజ్జీ పెట్టించి, టీవీలో సభంతా చూపించాడు. డైరెక్టరమ్మ మొదట తమ ఐరిష్ భాషలో రెండు ముక్కలు మాట్లాడి, తర్వాత వీడి చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది. వీడు మైకు ముందు తెలుగులో "అందరికీ సలాం" అన్నాడు. అంతే, హాలంతా లేచి చప్పట్లు. నేను బజ్జీల ప్లేటు పక్కకు నెట్టాను.

"ఆ ముక్క నువ్వూ చెరిపేసినావనుకుంటి గదరా," అన్నాను.

ఆ రోజుల్లో పెళ్లి క్యాసెట్టంటే భయం. ఎవరి పందిట్లో ఎవరు భోంచేశారో అందులో చూసి, వాళ్లది ఏ పార్టీయో తేల్చేవాళ్లు. అందుకే పెళ్లిపెద్ద మా ఇద్దరినీ పిలిచి, అవతలి వర్గంవాళ్లు చుట్టరికం కొద్దీ వచ్చి కూర్చున్న పంక్తి చెరిపేయమన్నాడు. నేను ఆ రోజే చెరిపేశాను.

"చెరిపినానని అబద్ధం చెప్పినా మామా. ఆ పంక్తిలోనే ఓబులమ్మక్క మొగుడు నవ్వుకుంటా తింటాండె. చెయ్యి రాలే," అన్నాడు మక్బూల్. ఆ మనిషిని నెల తిరగకుండానే దారికాచి చంపారు. "అక్క ఇప్పుడు పులివెందుల్లో తమ్మునింట్లో ఉంది. నీ గురించి శానాసార్లు అడిగె. పోయి కలువు."

చనిపోయిన మనిషిని దేశాలకు చూపించినందుకు ఆమె వీడి మీద కోపంగా ఉందేమో, ఆ నాలుగు తిట్లూ చెవులారా వినాలనుకున్నాను. ఆ ఆశతోనే ముద్దనూరు మీదుగా పులివెందుల వెళ్లాను. దాదాపు రెండు గంటల ప్రయాణం, టికెట్టు నూటయాభై లోపే.

ఓబులమ్మ అరుగు మీద వేరుశనక్కాయలు వొలుస్తోంది. "మక్బూలు నిన్ను అడక్కుండానే చూపించినాడా అక్కా?" అని కదిపాను.

"అడిగినాడు లేప్పా. నేనే చూపిచ్చమంటి. మా ఇల్లు తగలబెట్టినపుడు ఫోటోలన్నీ కాలిపాయె. మనమరాండ్లు తాత మొగమే ఎరగరు." చేతిలోని చేట పక్కన పెట్టి నావైపు తిరిగింది. "అయితే మక్బూలు పక్కనుంచి తీసినాడు. చెవీ దవడే కనపడతాయి. ఎదురుగా నిలబడి తీసింది నువ్వు గదా. నువ్వు కెమెరా పట్టుకున్నేది గూడా మక్బూలు దాంట్లో ఉంది. నీ దాంట్లో ఆయప్ప మొగం నిండుగా ఉంటాది. ఒక్కసారి చూపిచ్చప్పా."

"లేదక్కా. చెరిపేసినా."

ఆమె చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. తర్వాత మెల్లగా అడిగింది. "దాని మీద ఏం ఎక్కించినావప్పా?"

"పందిట్లో పూలదండలు," అన్నాను.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా దారి ఏమీ చూడలేదు. మక్బూల్ మీద కుళ్లు ఇంకా ఉంది, పోయిందని చెప్పను. డబ్లిన్ చప్పట్లు నాకు రాకపోతే పోయె. వాడి దగ్గర ఆ మనిషి చెవీ దవడా అయినా ఉన్నాయి, నా దగ్గర అవీ లేవు. ఇటువైపు వచ్చేవాళ్లకు ఒక్క మాట. ప్రొద్దుటూరులో పాత క్యాసెట్లను పెన్‌డ్రైవులోకి ఎక్కించే షాపులు ఇంకా ఉన్నాయి. మీ ఇంట్లో బూజు పట్టినవి ఏవైనా ఉంటే, ముందు ఆ పని చూసుకుని తర్వాత ఊర్లు తిరగండి.