బావగారి బల్ల

చేతిలో పని లేని మగవాడు పగలంతా ఇంట్లో ఉంటే ఇల్లు ఎంత ఇరుకైపోతుందో మాస్టర్ భార్యను అడగండి, చెబుతుంది. కోట్లు కత్తిరించడంలో చేయి తిరిగిన మనిషి మాస్టర్. పనిచేసే దుకాణం మూతపడ్డాక, వీధి చివరి పెద్ద షాపులో తన పనితనం చూపించి వచ్చాడు. అక్కడి పెద్దాయన, అతను కత్తిరించిన ముక్క అంచు వెంట వేలు పోనిచ్చి, "బాగుంది. కబురు చేస్తాం" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటికొచ్చి కూర్చున్నాడు.

కూర్చున్నాడా? కూర్చుంటే బాగానే ఉండేది! కారని కుళాయి విప్పి కారేలా చేశాడు. పదునుగా ఉన్న కత్తెరకే మళ్లీ పదును పెట్టాడు. తలుపు చప్పుడైతే చాలు, కబురొచ్చిందని పరుగు. చివరికి భార్య దండం పెట్టింది.

"మీకు పుణ్యముంటుంది, కాసేపు ఎటైనా వెళ్లి రండి. మీరు బాగుచేసినవన్నీ మళ్లీ బాగుచేయించలేక చస్తున్నాను."

ఎటు వెళ్తాడు? అక్క మొగుడి టైలరింగ్ షాపు పక్క వీధిలోనే ఉంది. "ఊరికే కూర్చునే బదులు నాలుగు గుండీలు కుట్టి పెడతాను బావా" అన్నాడు. బావ ముఖం చేటంత అయింది.

"అడగాలట్రా! ఇది నీ షాపు కాదూ?"

మొదట గుండీలు. తర్వాత కాజాలు. ఆ తర్వాత బావకి నడుం పట్టేసి, కత్తిరించే బల్ల మాస్టర్ చేతికొచ్చింది. నడుం బాగుపడింది గానీ బావ మళ్లీ బల్ల జోలికి రాలేదు. గుమ్మంలో కుర్చీ వేసుకుని పేపరు చదవడం మొదలుపెట్టాడు. డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు, అక్క మాత్రం పూటపూటా టీ ఇచ్చేది. అయినా మాస్టర్‌కి హాయిగానే ఉంది. చేతుల కింద గుడ్డ కదులుతుంటే ఎదురుచూపు అంతగా గుచ్చుకోదు.

అయితే ఆ వృత్తిలో ఒక కట్టుబాటుంది. ఒకరి బల్ల దగ్గర నిలబడ్డ కటింగ్ మాస్టర్‌ని, ఆ బల్ల యజమానిని అడగకుండా ఇంకొకరు పిలవరు. పిలిస్తే తగువే. ఇది మాస్టర్‌కి తెలియదా? పని నేర్చుకున్న నాటి నుంచీ తెలుసు. కానీ అది పరాయి బల్ల అని తోస్తేగా, అక్క ఇల్లాయె!

కళ్లు కాయలు కాశాక, ఉండబట్టలేక పెద్ద షాపుకే వెళ్లాడు. లోపల ఎవరో కొత్తాయన సుద్దతో గీతలు గీస్తున్నాడు. మాస్టర్‌ని చూసి పెద్దాయన ఆశ్చర్యపోయాడు.

"అదేంటి మాస్టారూ, మీ బావగారి షాపులో ఉన్నారని విని అక్కడికే మనిషిని పంపానుగా! మీరు కుట్టిన బట్టలివ్వడానికి బయటికెళ్లారట. 'మావాడు మా దగ్గరే స్థిరపడ్డాడు' అన్నారట మీ బావగారు. ఇంకొకరి మనిషిని లాక్కోవడం బాగుండదని ఊరుకున్నాం."

"నేను ఊరికే... కాలక్షేపానికి..." అని నసిగాడు మాస్టర్.

"ముందే ఒక ముక్క చెప్పాల్సింది" అన్నాడు పెద్దాయన. ఆయన తప్పేముంది పాపం.

మాస్టర్ రొప్పుకుంటూ వచ్చి నిలదీస్తే బావ పేపరు కూడా దించలేదు.

"అబద్ధమాడానా? మా దగ్గర చేయట్లేదూ?"

"నాతో ఒక్క మాట చెప్పకపోయావా బావా!"

"చెప్తే వెళ్లిపోయేవాడివిగా."

ఎంత తేలిగ్గా అనేశాడో మహానుభావుడు! లోపల్నుంచి అక్క వచ్చింది. తనవైపు మాట్లాడుతుందనుకున్నాడు వెర్రిబాగులవాడు.

"ఏరా, మా దగ్గర పని నీకు నామోషీ అయిందా?" అంది.

పరాయివాళ్లు ముంచితే తిట్టుకుని ఊరుకోవచ్చు. తోడబుట్టిందే ఆ మాట అనేసరికి మాస్టర్ నేరుగా బల్ల దగ్గరికి నడిచాడు. కత్తెర తీసుకుని బయటికొచ్చేశాడు.

ఇప్పుడు పొద్దున్నే ఇంటి మెట్ల మీద, వీధి వీధంతటికీ కనబడేలా, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటున్నాడు. తను ఎవరి మనిషీ కాదని, ఖాళీగా ఉన్నానని షాపులవాళ్లందరికీ తెలియాలి. కాలక్షేపానికైనా సూది పట్టడు. చిరిగిన దిండు గలీబు ఇచ్చినా ముట్టుకోడు. భార్య తలెత్తుకోలేకపోతోంది.

నిన్న ఆ దారిన పోతూ ఒక షాపాయన ఆగాడు. మాస్టర్ ఆశగా లేచి నిలబడ్డాడు.

"మీ బావ చెప్తే నమ్మలేదు మాస్టారూ" అన్నాడాయన. "చేతికిచ్చిన పని కూడా వదిలేసి వచ్చి కూర్చున్నారటగా!"