గొలుసు దించిన రోజు

వాన పడగానే చాకో మైదానంలోని మట్టిరోడ్డుకు అడ్డంగా గొలుసు కట్టి తాళం వెయ్యడం సెవెరియానో ఉద్యోగం. పైన దుమ్ము లేస్తున్నా సరే, లోపలి బంకమట్టి ఆరేదాకా తియ్యకూడదు. రహదారుల గురించి నేను చదివిన పుస్తకాలన్నీ పైనున్న రాళ్లనే పొగిడాయి. చక్రం వెళ్లినప్పుడల్లా కుంగి, మళ్లీ లేచే నేలను తలుచుకున్నవి తక్కువ. ఆ లేవడమే దాని బలం. తడిమీద పదేపదే తొక్కిస్తే ఆ బలం కాస్త కాస్తగా చస్తుంది.

ఆ మార్చిలో అతని కూతురు నిమియాకు నెలలు నిండాయి. కడుపులో బిడ్డ అడ్డం తిరిగింది, పట్నం ఆసుపత్రికే తీసుకెళ్లాలంది మంత్రసాని. రోడ్డు ఆరాలని తండ్రీకూతుళ్లు ఎదురుచూస్తున్నారు.

వాన వెలిసిన మూడోరోజు పశువుల ఆసామి ఆతిలియో లారీతో దిగాడు.

"తీయవోయ్. ఒక్క లారీ."

"లోపల ఇంకా మెత్తగా ఉంది దొరా."

"నేల నీ పెళ్లామా, ఒళ్లు తడిమి చెప్పడానికి?"

సెవెరియానో గొంతు తగ్గించాడు. "పోనీ, మా పిల్లను ఎక్కించుకోండి."

"పశువుల లారీలోనా? రేపు నా సొంత బండి పంపిస్తా. మెత్తటి సీటు."

గొలుసు దిగింది. లారీ వెళ్లింది, నేల కుంగి లేచింది. చెక్కుచెదరలేదు.

వెనకే ఇంకో లారీ డ్రైవరు తదేయో హారన్ కొట్టాడు. "ఏం మామా, దొర లారీకి అంటని బురద నా లారీకే అంటుతుందా?"

ఒకరికి తీసినవాడు ఇంకొకరికి ఏమని చెబుతాడు? సాయంత్రం దాకా లారీలు వరసకట్టాయి. చివరివాటికి నేల కుంగిందే గాని లేవలేదు.

తెల్లారేసరికి నిమియాకు నొప్పులు మొదలయ్యాయి. ఆతిలియో మాట తప్పలేదు, బండి పంపాడు. నిన్నటి చక్రాల గాడుల్లో అది నిమియాతో సహా ఇరుసుల దాకా దిగబడింది. తదేయో, సెవెరియానో మధ్యాహ్నం దాకా పారలతో తవ్వారు. నిమియా బతికింది. బిడ్డను దారిపక్కనే పాతిపెట్టారు.

ఏప్రిల్‌లో మళ్లీ వాన. ఆతిలియో లారీ వచ్చి ఆగింది.

"ఏం సెవెరియానో, ఒక్కటే..."

సెవెరియానో చల్లటి తెరెరే ఆకుల కషాయం పీలుస్తూ, తలెత్తకుండా గుడిసె వైపు చెయ్యి చూపాడు.

"తాళంచెవి నిమియా దగ్గరుంది దొరా. వెళ్లి అడగండి."

ఆమె గుమ్మంలోనే కూర్చుని ఉంది. ఆతిలియో ఇంజను ఆపేశాడు. నేల ఆరేదాకా దిగలేదు, అడగనూ లేదు.