మామగారి లివర్ మీద నేను జరిపిన విచారణ

చదువుకున్న మూర్ఖుడి చేతిలో రక్తపరీక్ష రిపోర్టు పడితే ఒక ఇల్లు ఎంత వేగంగా అల్లకల్లోలం అవుతుందో తెలుసుకోవాలంటే కాసేపు ఇలా కూర్చోండి. ఆ మూర్ఖుణ్ణి నేనే. ఇల్లు మా అత్తవారిది.

అప్పటికి నాకు కొత్తగా పెళ్లయింది. బ్యాంకు ఆఫీసరుగా కోల్‌కతా వచ్చి, అక్కడి ఖిదిర్‌పూర్ రేవులో పనిచేసి రిటైరైన తెలుగాయన దానియేలుగారి అమ్మాయి సునీతను చేసుకున్నాను. మామగారు చర్చిలో పెద్ద. తాగుడు మీద ఆయన ప్రసంగం మొదలుపెడితే వీధి చివరి మందుకొట్టు తలుపులు సిగ్గుతో వాటంతటవే మూసుకునేవి.

కరోనా పోయిందని ఊరంతా మాస్కులు పారేశాక ఆయనకు అది వచ్చింది. జ్వరం, దగ్గు. దగ్గర్లో క్లినిక్ నడిపే బెంగాలీ డాక్టరమ్మ ఎక్స్‌రేతో పాటు లివర్ పరీక్ష కూడా రాసింది.

“దగ్గుకి లివర్ పరీక్ష ఎందుకు మేడమ్?” అన్నాను, లోకంలోని మోసాలన్నీ పట్టుకునే బాధ్యత నాదే అయినట్టు.

“ముందు చేయించండి దాదా, తర్వాత చెబుతాను,” అంది హిందీలో, బెంగాలీల అలవాటు ప్రకారం నన్ను అన్నను చేసేసి.

మర్నాడు రిపోర్టు నా ఫోనుకు వచ్చింది. లివర్ వరసలో రెండు అంకెలు పెరిగి ఎర్రగా మండుతున్నాయి. దాన్ని డాక్టరమ్మకు పంపాలి కదా? నేను ఇంటర్నెట్టును అడిగాను. అది బోలెడు కారణాలు చెప్పింది. నా కంటికి ఆనింది ఒక్కటే: మద్యం.

“నాన్నగారా? ఆయన టీ కూడా తాగరండీ!” అంది సునీత.

“అలాంటివాళ్లనే అనుమానించాలి,” అని మామగారి బీరువా తెరిచాను. బట్టల వెనక ఒక నల్లని సీసా! వాసన చూశాను. తియ్యగా, పుల్లగా ఉంది. దొంగను పట్టిన పోలీసులా వంటింట్లోకి నడిచాను.

“అత్తయ్యగారూ, గుండె చిక్కబట్టుకోండి. మామయ్యగారు తాగుతున్నారు.”

“ఏటి బాబూ, ఏటి తాగుతున్నారు?”

“ఇదిగో!”

ఆవిడ నోటి మీద చెయ్యి వేసుకుంది. “ఓరి నాయనో! అది చర్చిలో ప్రభువు బల్లకిచ్చే ద్రాక్షరసం! నానే కాసి పెట్టాను బాబూ!”

ఈ గోల విని మామగారు మంచం మీంచే పిలిచారు. సంగతి చెప్పాను.

“నానా?... తాగడం... ఏటి...” అంటూ మాట పూర్తి చేయకుండా ఆగిపోయారు. మహాశయులారా, ఆ ఆగిపోవడాన్ని నేను నేరం ఒప్పుకోవడం అనుకున్నాను!

అంతలో డాక్టరమ్మే ఫోన్ చేసింది. “రిపోర్టు రాలేదా?” నేను గర్వంగా అంకెలు చదివాను.

“ఆయనకు మాట్లాడుతుంటే ఆయాసం వస్తోందా?”

అప్పుడు ఆయన్ని నిజంగా చూశాను. రెండు మాటలకోసారి ఊపిరి వెతుక్కుంటున్నారు.

“వస్తోంది,” అన్నాను.

“ఈ వైరస్ ఊపిరితిత్తులతో ఆగదు దాదా. ఒళ్లంతా పోరాడుతుంటే ఆ దెబ్బ లివర్‌కీ తగులుతుంది. ఈ అంకెలు పెరిగినవాళ్లలో జబ్బు ముదిరే అవకాశం ఎక్కువ. ముదిరి తీరుతుందని కాదు. కానీ ఆయన వయసు, ఈ ఆయాసం కలిపి చూస్తే ఇంట్లో ఉంచకూడదు. బయల్దేరండి!”

ఆస్పత్రిలో చేర్చిన కాసేపటికే ఆక్సిజన్ పెట్టారు. ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేదన్నారు అక్కడి డాక్టరు. నేను వరండాలో నిలబడి నా పక్కటెముకల కింద చెయ్యి పెట్టుకున్నాను. మేమంతా దగ్గు వింటూ కూర్చుంటే, ఏ చప్పుడూ చేయని ఆ అవయవం లోపలి యుద్ధాన్ని ముందే పసిగట్టింది. దాని కబురు ఒక చిన్న గొట్టమంత రక్తంలో వచ్చింది. ఇన్నేళ్లుగా నేను మోసుకు తిరుగుతున్న ఈ ఒంట్లో ఇంత పెద్ద రాజ్యం నడుస్తోందా! గుడిలోనూ చర్చిలోనూ ఎప్పుడూ అంత భక్తిగా నిలబడలేదు.

మామగారు కోలుకుని చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచారు.

“నాకు జబ్బు ముదురుతోందని నా లివర్‌కి తెలిసింది, డాక్టరమ్మకి తెలిసింది, దేవుడికి తెలిసింది. మా అల్లుడుగారికే తెలీలేదు. ఆరిదేటి తప్పు నేదు. బ్యాంకోరు కదా, అంకెలు పెరిగితే సంబరపడ్డం అలవాటు!”

నవ్వులకు పైకప్పు అదిరింది. నేనూ లేచి, గుండె మీద చెయ్యి వేసుకుని, సభాముఖంగా ప్రమాణం చేశాను: “ఇకమీదట నా పేరుతో వచ్చిన రిపోర్టైనా సరే, డాక్టరు చదివి వినిపించేదాకా నాకు అక్షరం ముక్క రాదు!”

“ఆమెన్!” అంది అత్తయ్యగారు, అందరికంటే గట్టిగా.