చిన్నకోడలి పంటి నొప్పి

మా ఎదురింటి చిన్నకోడలు విషం మింగిందనీ, తోడికోడలు నర్సమ్మ ఆరళ్ళు పడలేకే ఆ పని చేసిందనీ వీధంతా చెవులు కొరుక్కుంటోంది. శుద్ధ అబద్ధం. ఆ ఇంటి గుమ్మం నా కిటికీలోంచి కనిపిస్తుంది. కనిపించనివి నేనే వెళ్ళి అడిగి వచ్చాను.

నర్సమ్మ ఆ ఇంటి పెద్దకోడలు. పెద్దాసుపత్రిలో ఎమర్జెన్సీ వార్డులో నర్సు పని. పొరపాటున ఫినాయిలు తాగిన పిల్లలూ, నిద్రమాత్రలు ఎక్కువైన ముసలివాళ్ళూ ముందు ఆమె చేతుల్లోకే వస్తారు. కళ్ళలో లైటు వేసి చూడడం, నోటి వాసన చూడడం, మింగిన మందు సీసా పట్టుకు రమ్మని ఇంటివాళ్ళను తరమడం ఆమెకు రోజూ ఉన్నదే. మనిషి గట్టిది. పళ్ళే కాస్త ఎత్తు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గానీ నవ్వదు.

చిన్నకోడలి పలువరస మల్లెమొగ్గలు పేర్చినట్టుంటుంది. ఆ పిల్ల నవ్విందంటే అత్తగారు చేతిలో పని వదిలేసి మరీ మురిసిపోతుంది. అప్పుడు నర్సమ్మ గిన్నెలు సర్దే చప్పుడు మా ఇంటిదాకా వస్తుంది. కుళ్ళు లేదని నేననను.

ఆ రోజు డ్యూటీ నుంచి వచ్చిన నర్సమ్మ చెప్పులైనా విప్పకుండా తోడికోడలి ఎదురుగా నిలబడింది.

"ఏమైంది నీకు?"

"ఏం లేదక్కా, కాస్త వికారంగా ఉంది."

అత్తగారి మొహం వెలిగిపోయింది. "వికారమంటే మంచి మాటేగా! నీకెందుకే అంత ఉక్రోషం?"

నర్సమ్మ వెళ్ళి చెత్తబుట్ట బోర్లించింది. జ్వరం మాత్రల అట్ట, జలుబు మాత్రల అట్ట, ఒళ్ళునొప్పుల మాత్రల అట్ట, అన్నీ ఖాళీ.

"ఇవన్నీ నువ్వే మింగావా?"

చిన్నకోడలు ఏడుస్తూ నోరు తెరిచింది. వెనక దంతం పుచ్చిపోయింది. ఆ సంగతి ఎవరికీ, ముఖ్యంగా ఈ అక్కకు, తెలియకూడదని ముందురోజు నుంచీ ఒకదానికి తగ్గకపోతే ఇంకొకటి మింగుతూ వచ్చింది.

"పేర్లే వేరు తల్లీ, లోపలున్న మందు ఒకటే! లివరు పోతుంది, లే!"

"చక్కగా తిరుగుతోందిగా, ఆసుపత్రి దేనికి? నలుగురూ ఏమనుకుంటారు?" అంటూ అత్తగారు గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఏమన్నా అనుకోనీండి అత్తయ్యా. ఈ మందు ఎక్కువైతే ముందు ఏమీ తెలియదు. తెలిసేసరికి మనిషి మనకు దక్కదు."

అని తోడికోడలి రెక్క పట్టుకుని ఆటో ఎక్కించింది. వీధి చూసింది ఆ లాక్కెళ్ళడమే.

రక్తపరీక్షలో నర్సమ్మ అన్నదే తేలింది. విరుగుడు మందు సెలైనులో ఎక్కించారు. లివరు దక్కింది. పన్ను మాత్రం తర్వాత పీకేశారు.

నాకు ఒక్కటే అంతుపట్టలేదు. నిన్న పాల దుకాణం దగ్గర నర్సమ్మను నిలదీశాను.

"ఇంట్లో అంతమంది ఉండగా నీకే ఎలా తెలిసిందమ్మా? నిజం చెప్పు, ఆ పిల్లంటే నీకు కుళ్ళా, కాదా?"

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"కుళ్ళే పిన్నిగారూ. ఆ నవ్వు వినపడితే నాకు ఒళ్ళు మండిపోతుంది. ముందురోజంతా వినపడలేదంటే నాకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది? ఇప్పుడు పన్ను ఊడినా మా అత్తయ్యకు ఆ నవ్వే ముద్దు, చూశారా!"